సవరణ: సైప్రస్ కంచెను లోపలి దాకా కొట్టమన్నది తప్పు

సైప్రస్ చెట్ల మీద ఇంతకుముందు పెట్టిన పోస్టులో పెద్ద తప్పే దొర్లింది. కంచెగా పెంచిన లేలాండ్ సైప్రస్ అడ్డదిడ్డంగా పెరిగిపోతే ఎంత లోపలికి కొట్టినా మళ్లీ చిగురిస్తుందని రాశాను. చిగురించదు. ఆ మాట నమ్మి కత్తెర పట్టకండి.

ఒక కొమ్మను పక్కకు తప్పించి లోపలికి చూస్తే సంగతి తెలుస్తుంది. పైన కనిపించే పచ్చదనం ఒక పొర మాత్రమే. దాని వెనక అంతా గోధుమరంగు ఎండు పుల్లలు. వాటి మీద మళ్లీ విచ్చుకునే మొగ్గలు దాదాపు ఉండవు. పచ్చ పొర దాటి కోస్తే అక్కడ పడ్డ బొక్క ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. మిగతా చెట్లను నరికిన అలవాటుతో, ఆలోచించకుండా రాసేశాను.

అనువైన చోట ఇది ఏడాదికి మీటరు దాకా పెరుగుతుంది. కాబట్టి మొక్కగా ఉన్నప్పటి నుంచే ఏటా ఒకటి రెండుసార్లు పచ్చటి కొసలు మాత్రమే కత్తిరించాలి. కావలసిన ఎత్తుకు రాగానే తల తుంచవచ్చు.

సైప్రస్ కలప కుళ్లును తట్టుకుంటుందని కూడా కాస్త ఎక్కువే చెప్పాను. కుళ్లును తట్టుకునే గుణం ముదురు చెట్టు చేవది, పైనుండే తెల్లచెక్కది కాదు. లేత చెట్టు దుంగను నేలలో గుంజగా పాతితే ఎక్కువ కాలం నిలవదు.

అన్నట్టు, బాల్డ్ సైప్రస్ శీతాకాలంలో ఆకు రాలుస్తుంది. కుటుంబం ఒకటే అయినా అది టాక్సోడియం అనే వేరే ప్రజాతి. చచ్చిపోయిందనుకుని కొట్టేయకండి.