చిన్న వీడియోల్లో మొదటి మూడు సెకన్ల గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా మూడు సెకన్ల గారూ,

నమస్కారం, బాగున్నారా అని మొదలుపెడదామనుకున్నా, కానీ నమస్కారం పూర్తయ్యేలోపే సగం మంది వీడియోని వేలితో పైకి తోసేసి వెళ్ళిపోతారంట కదా. సరే మీ పద్ధతిలోనే వస్తా: "ఆగండి! ఈ ఉత్తరం చదవకపోతే జీవితాంతం బాధపడతారు!" ఇప్పుడు ఓకేనా?

విషయం ఏంటంటే, ఊడిపోయిన చొక్కా గుండీ ఎలా కుట్టుకోవాలో చిన్న వీడియో చేద్దామనుకున్నా, అంతకుమించి దురాశ లేదు. కిటికీ పక్కన వెలుతురు చూసుకుని, ఫోన్ నిలువుగా నిలబెట్టి కుట్టేశా, నాలుగు నిమిషాల్లో షూటింగ్ అయిపోయింది. మిగతా సాయంత్రమంతా మీ సేవే స్వామీ. "హాయ్ అండీ" తీసేశా. దారం సూది బెజ్జంలోకి పోనంటే కొసని తడిపి మెలిపెట్టి మళ్ళీ ఎక్కించే షాట్ ఒకటుంది, మొత్తంలో నాకు నచ్చింది అదొక్కటే, అదీ తీసేశా. మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చిన చోటల్లా కట్. ఇప్పుడా వీడియోలో ఉన్న మనిషి గాలి లేకుండా ఎలా బతుకుతున్నాడో డాక్టర్లే చెప్పాలి.

ఇంత చేసి మీ ముందు పెట్టిన హుక్, అదే జనాన్ని ఆపడానికి మొదట్లో వేసే గాలం మాట, ఏంటో తెలుసా? "మీరు ఇన్నాళ్ళూ గుండీ తప్పుగా కుడుతున్నారు!" నాకు కుట్టడం వచ్చిందే మొన్న.

సౌండ్ ఆపేసి చూసేవాళ్ళుంటారు కదా అని సబ్‌టైటిల్స్ కూడా పెట్టా. కింద పెడితే అకౌంట్ పేరు వచ్చి దాని మీద పడుకుంది, కుడిపక్కకి జరిపితే లైక్ బటన్ ఎక్కి కూర్చుంది, విసుగొచ్చి నడిమధ్యలో పెడితే సరిగ్గా గుండీని కప్పేసింది. అంటే కుట్టడం కనపడదు, కుడుతున్నా అని మాత్రం రాసుంటుంది.

మీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలుసులెండి. 2013లో వైన్ అనే వీడియో యాప్ వచ్చినప్పుడు వీడియో మొత్తమే 6 సెకన్లు, అందులో సగం వాటా మీదే, గొడవే లేదు. తర్వాత ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ 2020 ఆగస్టులో 15 సెకన్లతో మొదలై 2025 జనవరికి 3 నిమిషాలకి వచ్చింది, యూట్యూబ్ షార్ట్స్ కూడా 2024 అక్టోబర్ నుంచి 3 నిమిషాల దాకా ఒప్పుకుంటోంది. ఇల్లు అంత పెద్దది కట్టారు గానీ జనం ఇంకా గుమ్మంలోంచే తిరిగి వెళ్ళిపోతున్నారు, ఆ గుమ్మం మీరే. అన్నట్టు 2025 మార్చి 31 నుంచి షార్ట్స్‌లో ప్లే అవ్వడం మొదలైతే చాలు వ్యూ కింద లెక్కేస్తున్నారు, ఇంతసేపు చూడాలని రూలేం లేదు. మీ ఉద్యోగానికీ ఎవరో ఎసరు పెడుతున్నారు, చూసుకోండి మరి.

చివరి మాట సగంలో ఆపి మొదటికి అతికిస్తే జనం తెలీకుండానే రెండోసారి చూస్తారని ఎవరో చెప్పారు. అదీ చేశా. రెండోసారి చూసింది నేనొక్కడినే అనుకుంటా.

పోస్ట్ చేశాక, ఎంతమంది ఎంతసేపు చూశారో చెప్పే గ్రాఫ్ తెరిచా. మీ దగ్గరే కొండ మీంచి దూకినట్టు దబ్బున పడింది, ఆ తర్వాత నేల మీద పాకుతూ సన్నటి గీత ఒకటి చివరిదాకా వెళ్ళింది. ఆ గీతంటే నాకెంత గౌరవమో చెప్పలేను, వాళ్ళకి నిజంగా గుండీ ఊడింది.

అందులోంచే ఒకాయన కామెంట్ పెట్టాడు, "బాగుంది బ్రో, కానీ చివర్లో ముడి ఎలా వేయాలో చూపించలేదు, మీరు చెప్పినట్టే కుట్టాను, పొద్దున్నే మళ్ళీ ఊడింది" అని. ముడి వేసే షాట్ ఉండేదండీ, 11 సెకన్లు. ఆ రెండోసారి చూపించే తెలివితేటల కోసం కత్తిరించేశా.

పార్ట్ 2 చేస్తున్నా. మీకోసం హుక్ కూడా రెడీ: "గుండీ మళ్ళీ ఊడిందా? తప్పు మీది కాదు!" ఈసారి మాత్రం అబద్ధం కాదు.

ఇట్లు,
ఊపిరి కత్తిరించుకున్న మీ విధేయుడు