వేదిక మీద వెలిగొండ మాట ఎత్తకూడదా?

మొన్నటి మన ప్రవాస తెలుగు సంఘం ఉగాది సంబరాలకు రాలేకపోయినవాళ్ళ కోసం ముందు జరిగింది చెబుతాను. పంచాంగ శ్రవణం, పిల్లల నాట్యాలు, దాతలకు శాలువాలు అన్నీ అయ్యాక ఆంధ్ర నుంచి వచ్చిన ముఖ్య అతిథి ప్రసంగం మొదలైంది. వెనక తెర మీద అమరావతి వీడియో వేశారు. కృష్ణ ఒడ్డు, ఎత్తయిన టవర్లు, శాసనసభ శిఖరం, చుట్టూ పచ్చటి తోటలు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. తర్వాత ప్రశ్నలకు కాసేపు సమయమిచ్చారు. కూతురి పురిటికని వచ్చిన ఒక పెద్దావిడ, పామూరు వైపు మనిషి, మైకు అందుకుని అడిగింది: "అన్నీ బాగుండాయి నాయనా. మా వెలిగొండ నీళ్ళు ఎప్పటికొస్తాయి?"

వెలిగొండ అంటే మా మెట్ట ఊళ్ళకు కృష్ణా నీళ్ళు తేవాల్సిన ప్రాజెక్టు. అతిథి జవాబు చెప్పబోయారు. ఈలోపే వ్యాఖ్యాతగా ఉన్న తమ్ముడు మైకు వెనక్కి తీసుకుని, "అమ్మగారూ, ఇవాళ పండగ. రాజకీయాలొద్దు. భోజనాలు రెడీగా ఉన్నాయి" అన్నాడు. ముందు వరసల్లో నవ్వులు వినిపించాయి. ఆవిడ చెంగు సర్దుకుని కూర్చుంది. నాకు ప్రాణం చివుక్కుమంది.

ఆ తమ్ముడి మీద నాకు కోపం లేదు. హాలు పదింటికి ఖాళీ చెయ్యాలి, క్యాటరింగ్ వాళ్ళు తొందరపెడుతుంటారు, పిలిచిన అతిథికి ఇబ్బంది కలగకూడదు. కార్యవర్గంలో పనిచేశాను కాబట్టి ఆ అవస్థలన్నీ తెలుసు. నా బాధ వేరు. ప్రభుత్వం కట్టబోయే టవర్లను అంతసేపు చూపిస్తే అది రాష్ట్ర ప్రగతి అయింది. అదే ప్రభుత్వం దశాబ్దాలుగా నానుస్తున్న ప్రాజెక్టు గురించి ఒక తల్లి ఒక్క ముక్క అడిగితే రాజకీయమైపోయింది. మనలో ఎవరు ఏ పార్టీయో మనందరికీ తెలుసు. 2015 అక్టోబరులో ఊరూరి మట్టీ నీళ్ళూ తీసుకెళ్ళి అమరావతికి శంకుస్థాపన చేసినప్పుడు కొందరం పొంగిపోయాం. మూడు రాజధానులన్నప్పుడూ, రుషికొండ మీద భవనాలు లేచినప్పుడూ మరికొందరం వెనకేసుకొచ్చాం. వెలిగొండ గురించి మాత్రం రెండు వర్గాలూ ఒక్కలాగే ఊరుకున్నాయి.

ఇక్కడ పుట్టిన పిల్లలు కూడా ఈ పత్రిక చదువుతారు కాబట్టి నాలుగు మాటలు చెప్పాలి. శ్రీశైలం జలాశయానికి వరద వచ్చే రోజుల్లో కొల్లంవాగు దగ్గర నీళ్ళు తీసుకుని, నల్లమల కడుపులోంచి రెండు సొరంగాల ద్వారా ఇవతలికి తేవాలి. ఒక్కో సొరంగం పొడవు దాదాపు 18.8 కిలోమీటర్లు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఖాళీలకు ఆనకట్టలు వేసి, నల్లమలసాగర్‌లో 43.5 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) నిలపాలి. మార్కాపురం, కనిగిరి, గిద్దలూరు, అటు నెల్లూరు జిల్లా ఉదయగిరి, కడప జిల్లా బద్వేలు ప్రాంతాలకు కలిపి 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు ఇవ్వాలన్నది లక్ష్యం. ప్రాజెక్టుకు ఆ ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్యగారి పేరు పెట్టారు. 1996లో చంద్రబాబునాయుడు శంకుస్థాపన చేశారు. రాజశేఖరరెడ్డి హయాంలో పనులు ఊపందుకున్నాయి. 2024 మార్చిలో జగన్‌మోహనరెడ్డి సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆ రోజుకి జలాశయంలో నీళ్ళు లేవు, ముంపు గ్రామాల జనానికి పునరావాసం పూర్తి కాలేదు. శిలాఫలకాలు మాత్రం రెండు ప్రభుత్వాలవీ ఉన్నాయి.

ఆ 1996లోనే ఇంకొకటి జరిగింది. కృష్ణా నీళ్ళు నెల్లూరు జిల్లా కండలేరు మీదుగా తమిళనాడులోని పూండికి చేరాయి. ఎన్టీఆర్, ఎంజీఆర్‌ల మధ్య 1983లో కుదిరిన తెలుగుగంగ ఒప్పందం అది. మద్రాసు దప్పిక తీర్చడానికి పదమూడేళ్ళు పట్టింది. మద్రాసుకు నీళ్ళివ్వడాన్ని నేను తప్పుపట్టను, దాహంతో ఉన్నవాడికి ఇచ్చాం. పట్టుబట్టి చేస్తే ఎన్నాళ్ళలో అవుతుందో తెలుసుకోవడానికి చెబుతున్నాను.

మా ఊరు కనిగిరికి పడమర. మా చిన్నతనంలో ఊళ్ళో బావులన్నీ జౌడు, ఒక్కటే మంచినీళ్ళ బావి. తియ్యగా ఉండేవి కాబట్టి అవి నిజంగానే మంచివనుకున్నాం. పళ్ళనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ వాటిలో ఉంది. ఫ్లోరైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, రుచికి తెలియదు. కాస్తే పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఉండవచ్చని మన దేశపు ప్రమాణం. ఇదంతా నాకు ఊరు వదిలాక తెలిసింది. అప్పట్లో కంటికి కనపడింది మనుషులే. మా నాయనమ్మ నడుము వంగితే వయసనుకున్నాం. మా పెదనాన్న యాభై దాటకముందే మెడ తిప్పలేకపోయేవాడు. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. చిన్నపిల్లలం అది చూసి ఆయనకెంత ఠీవి అనుకునేవాళ్ళం. ఊళ్ళో పిల్లలందరి పళ్ళ మీదా పసుపు గార చారలు. బయటి ఊరినుంచి వచ్చిన మేష్టారు పళ్ళు తోముకోండర్రా అని రోజూ అరిచేవారు. మా అక్క బొగ్గు, వేపపుల్ల, ఇటుకపొడి అన్నీ పెట్టి చిగుళ్ళు నెత్తురొచ్చేలా తోమేది. పెళ్ళిచూపుల్లో పెదాలు విడదియ్యలేదు. పెళ్ళికొడుకు తల్లి ఆమెను నవ్వమని అడిగింది. ఆ సంబంధం కుదరలేదు. ఆ తర్వాత ఎవరొచ్చినా మా అమ్మ వాకిట్లోకి వచ్చి, "మా నీళ్ళు అట్టాంటివి, పిల్ల బంగారం" అని ముందే చెప్పేది.

ఇప్పుడు ఊరెళ్తే మా వదిన స్టీలు చెంబుతో నీళ్ళు తెచ్చిస్తుంది. అవి కొన్న టిన్ను నీళ్ళు. మేమున్నన్నాళ్ళూ మాకూ మా పిల్లలకూ అవే. వంటకూ, తనకూ, కూలీలకూ మాత్రం బోరు నీళ్ళు. అదేమిటి వదినా అంటే, "మాకు అలవాటేలే అబ్బయా, మీకు పడవు" అంటుంది. ఎముకలకు అలవాటనేది ఉండదు. కానీ ఆ మాట ఆమెతో అనలేను. ఇంటికొచ్చినవాళ్ళకు ఉన్నదాంట్లో మేలైనది పెట్టే మర్యాద అది, ఆ మర్యాద తెలిసిన మనుషులే అక్కడున్నారు.

అదే ఊళ్ళో ప్రవాసుల చందాలతో నీళ్ళు శుద్ధిచేసే ఒక ఆర్వో ప్లాంటు పెట్టారు. రెండేళ్ళు బాగా నడిచింది. ఆ గట్టినీళ్ళకు మెంబ్రేన్లు, అంటే నీళ్ళు వడకట్టే పొరలు, తొందరగా పూడుకుపోతాయి. శుద్ధి అయ్యే నీళ్ళకు దాదాపు సమానంగా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, పనికిరాని నీరు బయటికి పోతుంది. కరెంటు బిల్లు, ఆపరేటరు జీతం, కొత్త మెంబ్రేన్ల ఖర్చు టిన్నుల మీద వచ్చే చిల్లరతో గిట్టవు. ప్రారంభోత్సవానికి డబ్బిచ్చినవాళ్ళెవరూ మూడో ఏడాది రిపేరుకు ఇవ్వలేదు. తాళం పడింది. అదే ఏడాది ఊరి మొదట్లో ఆర్చి లేచింది, అదీ చందాలతోనే. పక్కన నల్లటి చీమకుర్తి గ్రానైటు పలక మీద దాతల పేర్లు చెక్కించారు. మన వంటిళ్ళ గట్ల మీద మెరిసే గెలాక్సీ గ్రానైటు కూడా ఆ కొండల రాయే.

ఆర్చి మనం రుద్దింది కాదు, ఊరివాళ్ళే అడిగారు. పక్క ఊరికి ఉంది, మనకి లేదన్నారు. నేను మొదట విసుక్కున్నాను కానీ, వాళ్ళ మనసు నాకు అర్థం కాకపోలేదు. ఒకప్పుడు పిల్లనివ్వడానికి బయటివాళ్ళు జంకిన ఊరది. తలెత్తుకుని నిలబడేది ఒకటుండాలని ఆశపడటం తప్పు కాదు. హైదరాబాదు పోయిన రాష్ట్రానికి రాజధాని విషయంలో ఉన్న బాధా అలాంటిదే. రాజధాని ఉండాలి, హైకోర్టు, సచివాలయం గుడారాల్లో నడవవు, ఉద్యోగాలు ఎక్కడో ఒకచోట పుట్టాలి. పెద్ద పనులన్నీ దుబారా అనేవాళ్ళతో నేను లేను. 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేసినప్పుడు, అంత పెద్ద రాతి ఆనకట్ట అవసరమా అని వెనక్కి తగ్గి ఉంటే, ఇవాళ దర్శి, అద్దంకి పొలాలకు కుడికాలువ నీళ్ళు లేవు. ఒంగోలు వేసవి ట్యాంకులు నిండే నీళ్ళూ అవే.

కానీ సాగర్ గొప్పతనం ఆనకట్ట ఎత్తులో లేదు, కాలువ చివర పొలందాకా నీరు పారడంలో ఉంది. 2024 జూలైలో కేంద్ర బడ్జెట్ అమరావతికి 15,000 కోట్లు సమకూరుస్తామంది. ఆ డిసెంబరులో ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు చెరొక 80 కోట్ల డాలర్ల దాకా రుణాలకు ఆమోదం తెలిపాయి. అప్పు తెచ్చే చొరవ ఉంది, బ్యాంకుల వెంటపడే అధికారులున్నారు, గడువులున్నాయి, ముఖ్యమంత్రి సమీక్షలున్నాయి. ఆ పట్టుదలలో పదో వంతు గొట్టిపడియ, సుంకేసుల నిర్వాసితుల ఇళ్ళ మీద పెట్టమని అడగడం అత్యాశ కాదు. శాసనసభ శిఖరం ఇంకో రెండేళ్ళు ఆలస్యమైతే ఎవరి ఎముకా వంగదు.

కట్టినదాన్ని కాపాడటమూ ఇందులో భాగమే. గుండ్లకమ్మ మీద మల్లవరం దగ్గర జలాశయం కట్టింది మన కాలంలోనే. 2022 ఆగస్టు 31 రాత్రి మూడో గేటు కొట్టుకుపోయి, నిలవ ఉన్న నీళ్ళు సముద్రం పాలయ్యాయి. మరుసటి ఏడాది డిసెంబరు తుపానులో ఇంకో గేటు పోయింది. తుప్పు గీకి, రంగు వేసి, రబ్బరు సీళ్ళు మార్చే పని అది. ఏ నాయకుడూ దానికి రిబ్బను కత్తిరించడు. అదే నదికి ఎగువన కంభం చెరువు విజయనగర రాజుల కాలం నుంచి నిలబడి ఉంది. ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా 2020లో గుర్తింపు కూడా వచ్చింది. దాన్ని నిలిపింది తరతరాలుగా కట్ట మీద మట్టి పోసినవాళ్ళు, తూములు బాగుచేసినవాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ పలక మీదా లేవు.

ఇంటింటికీ కొళాయి సంగతి ఒక మాట. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జలజీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు 2024కల్లా ఇస్తామంది, ఇప్పుడు గడువు 2028కి జరిగింది. కొళాయి వచ్చినా, దాని వెనక ఫ్లోరైడ్ బోరే ఉంటే మా వదినకు తోడే శ్రమ తగ్గుతుంది, అంతే. నది నీళ్ళు రావాలి. అందుకే అన్ని దారులూ తిరిగి మళ్ళీ వెలిగొండ దగ్గరికే వస్తాయి.

సంఘం పెద్దలను నేను వేడుకునేది ఇది. నాయకులను పిలవండి, శాలువా కప్పండి, వీడియోలూ చూపించనివ్వండి. కానీ ఆహ్వానంతో పాటే మూడు ప్రశ్నలు రాసి పంపండి: నల్లమలసాగర్ నిర్వాసితులకు ఇవ్వాల్సింది ఎంత మిగిలింది, ఎప్పుడిస్తారు? జలాశయంలోకి నీళ్ళు ఏ వరదకు వదులుతారు? కనిగిరి, పామూరు, ఉదయగిరి ఊళ్ళకు ఈ లోపు తాగునీరు ఎక్కణ్ణుంచి ఇస్తారు? జవాబు వేదిక మీద, అందరి ముందు చెప్పాలి. ఏ పార్టీ అతిథి వచ్చినా ఇవే ప్రశ్నలు. తానా, ఆటా, నాటా, నాట్స్ లాంటి అమెరికా తెలుగు సంఘాల మహాసభల్లో ఉన్న మనవాళ్ళూ ఇదే పట్టు పట్టాలని నా కోరిక. మన చప్పట్లు ఎక్కడ పడుతున్నాయో వాళ్ళు లెక్క చూసుకుంటారు. చప్పట్లు పడని పని వెనక్కి పోతుంది.

రెండోది మన సొంత డబ్బు. కండలేరు–పూండి కాలువ గట్లు దెబ్బతిని నీళ్ళు దారిలోనే ఇంకిపోతుంటే, పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు సొంత ఖర్చుతో దాన్ని బాగుచేయించింది. దాతల సొమ్ము పాతదాన్ని నిలబెట్టడానికీ పనికొస్తుందని అది చూపించింది. మన సొంతూరి నిధిలో ఈ ఏడాది కొత్త ఆర్చీలకూ, విగ్రహాలకూ, మండపాలకూ రూపాయి ఇవ్వొద్దు. ఆ డబ్బుతో ఇప్పటికే మనం పెట్టి, తాళం పడిన ప్లాంట్ల జాబితా రాయించి, మెంబ్రేన్లు మార్పించి, ఆపరేటర్ల జీతాలకు అయిదేళ్ళకు సరిపడా సొమ్ము ఆయా పంచాయతీల పేర డిపాజిట్ చేయిద్దాం. పలకలు వద్దు, పేర్లు వద్దు. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని తీర్మానంగా పెడుతున్నాను. బలపరిచేవాళ్ళు కనీసం అయిదుగురు సంతకం చెయ్యాలని మన నియమావళి. ఒంగోలువాళ్ళయినా, నెల్లూరువాళ్ళయినా, కృష్ణ డెల్టాలో పుట్టి ఏనాడూ నీళ్ళకు వెతుక్కోనివాళ్ళయినా సరే, ముందుకు రండి.