రాక్షసిని చంపకండి, కమిటీ వేయండి

మా కోనసీమలో నేలమాళిగలు ఉండవు. మూడడుగులు తవ్వితే నీళ్ళు పడతాయి, ఇంకో అడుగు పక్కకి తవ్వితే పొరుగాయన సర్వేయర్ని పిలుస్తాడు. అందువల్ల 1974లో అమెరికాలో పుట్టిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను ఇక్కడ ఆడాలంటే పేరులో మొదటి మాట దగ్గరే చిక్కు. డంజన్ అంటే నేలమాళిగ. ఆ ఆటలో రాక్షసులు కాపురముండేది ఎక్కువగా అందులోనే. మా దగ్గర వాళ్ళకి అద్దెకివ్వడానికి నేలకింద గది లేదు కాబట్టి, ఏటిగట్టు మీదో, రావిచెట్టు కిందో, లాకుల దగ్గరో ఉండాలి. గట్టు మీదా చెట్టు కిందా లాకుల దగ్గరా మా ఊళ్ళో ఇప్పటికే ఎవరుంటారో మీకు తెలుసు. ఇంత ముఖ్యమైన విషయాన్ని ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు గనుక నేను పట్టించుకుంటున్నాను.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్ళు అందులో వీరులు. ఏం చేస్తారో నోటితో చెబుతారు. అయిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. కథ నడిపేవాణ్ణి నేను. వీరులు మా మేనత్త కొడుకు బావ, మా తమ్ముడు, రొయ్యల చెరువులున్న పక్కింటి అన్నయ్య.

పోయిన సంక్రాంతికి నేనొక బిహోల్డర్‌ని తెచ్చాను. గాల్లో తేలే పెద్ద గుండు, మధ్యలో ఒక పెద్ద కన్ను, నెత్తిన కొమ్మల్లాంటి కాడల మీద పది చిన్న కళ్ళు. ఒక కన్ను చూస్తే మనిషి రాయైపోతాడు, ఒక కన్ను చూస్తే నిద్రపోతాడు. నాలుగు రాత్రులు కూర్చుని దానికి కథ రాసుకున్నాను. మా బావ అరిసె కొరుకుతూ అడిగిన మొదటి మాట: “దీని హెచ్‌పీ ఎంతరా?” హెచ్‌పీ అంటే హిట్ పాయింట్లు, ఎన్ని దెబ్బలకి చస్తుందనే లెక్క. పక్కింటి అన్నయ్య మాత్రం చెరువు నీళ్ళకి గాలి ఎక్కించే ఏరేటర్ మోటారు గురించనుకుని “రెండు హెచ్‌పీ చాల్దూ?” అన్నాడు. పావుగంటలో చంపేశారు. పందెంలో ఓడిన పుంజుకైనా కూరలో మర్యాద దక్కుతుంది. దీనికి అదీ లేదు.

అరుగు మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా మామ్మ అప్పుడు తలెత్తింది.

“పది కళ్ళున్నదాన్ని పట్టుకుని చంపేశారా? దాని గుడెక్కడరా?”

“గుడి లేదు మామ్మా. అది రాక్షసి.”

“ఏం తింటది?”

“మనుషుల్ని.”

“ఎవరూ ఏమీ పెట్టకపోతే మరి మనుషుల్నే తింటది,” అని మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది.

ఆ ఆట మీద నేను చదివిన పుస్తకాలన్నిట్లోనూ ఈ ఒక్క ముక్క లేదు. వాటిల్లో దేవుళ్ళు లేరని కాదు. సూర్యుడికొక దేవుడు, చావుకొక దేవుడు, యుద్ధానికొక దేవుడు, అందరూ ఎక్కడో వేరే లోకాల్లో ఉంటారు. గేదె ఈనకపోతే ఎవరితో చెప్పుకోవాలి? చావు దేవుడితోనా? అక్కడ పాలన మొత్తం రాజధానిలోనే ఉంది, గ్రామస్థాయి సిబ్బంది లేరు. మనకి వీధి స్థాయిలో కూడా ఉన్నారు. పైగా 1980లో ఆ ఆటవాళ్ళు దేవుళ్ళ మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం వేసి, అందులో దేవుళ్ళకి కూడా హిట్ పాయింట్లు కట్టారు. మన ఇంద్రుడు కూడా ఉన్నాడు ఆ జాబితాలో. దేవుడికి హెచ్‌పీ అంటూ ఉంటే మా బావ అడక్క మానడు.

మన పద్ధతి వేరు. ఒళ్ళంతా పొక్కులు లేస్తే “అమ్మవారు పోసింది” అంటాం. జబ్బుకీ దేవతకీ ఒకటే పేరు. ఊళ్ళని ఊళ్ళే ఊడ్చుకుపోయిన మశూచిని తిట్టే ధైర్యం లేక అమ్మా అని పిలిచి, వేపాకు పరిచి, చద్ది నైవేద్యం పెట్టి, పొలిమేర దాటించి సాగనంపినవాళ్ళం. అంతకంటే పెద్ద రాక్షసి ఏ పుస్తకంలో ఉందో చూపించమనండి.

కనుక నా ప్రతిపాదన: ఆటలో ప్రతి రాక్షసికీ హెచ్‌పీ కొట్టేసి, దాని స్థానంలో ఒక పొలిమేర, ఒక ఆకలి, ఒక కోపం రాసుకోవాలి.

పొలిమేర మాకు సులువు. ఊరికీ ఊరికీ మధ్య ఎలాగూ కాలువో పాయో ఉంటుంది. ఇవతలి గట్టు మీద రాయిని చేసే కన్ను అవతలి గట్టు మీద వట్టి కన్నే. పంటెక్కి రేవు దాటితే ఇంకో దేవర, ఇంకో మొక్కు. వీరులు పారిపోవాలంటే పరుగెత్తడం కాదు, పంటు టైము తెలిసుండాలి.

కోపానికి కొలత ధవళేశ్వరంలో ఉంది. ఆనకట్ట దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. రాక్షసికీ అంతే. మొదటి హెచ్చరికకి లంకల్లోవాళ్ళు గేదెల్ని గట్టెక్కిస్తారు. రెండోదానికి పెద్దలు కొబ్బరికాయతో బయల్దేరతారు. మూడోదానికి పసుపు, కుంకుమ, చీర, రవికెల గుడ్డ. మూడో హెచ్చరిక నడుస్తుండగా గోదారి హెచ్‌పీ ఎంత అని అడిగేవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఇదంతా పూర్వకాలపు సంగతనేవాళ్ళు కాటన్ దొరని తల్చుకోవాలి. కంపెనీవాళ్ళంటే జనానికి శిస్తు కోసం పీడించే రాక్షసులుగానే తెలిసిన రోజుల్లో, ఆ కంపెనీ కొలువులోనే ఉన్న ఆర్థర్ కాటన్ 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. ఇవాళ మా వైపు ఊరూరా విగ్రహం, పుట్టినరోజుకి దండ, ఆయన్ని భగీరథుడితో పోల్చి గోదావరి స్నానాల వేళ చదువుకునే సంస్కృత శ్లోకం. గుర్రమెక్కిన దొరకే దోవ దొరికినప్పుడు బిహోల్డర్‌కి అడ్డేమిటి? దొరకి రెండు కళ్ళే.

నిజం చెప్పాలంటే ఆ ఆటవాళ్ళకీ ఈ విద్య కొంత తెలుసు, చివరిదాకా రాలేదంతే. ఆ ఆటని పుట్టించినవాళ్ళలో ఒకడైన గ్యారీ గైగాక్స్ అనే పెద్దమనిషి బజార్లో దొరికే చవక ప్లాస్టిక్ బొమ్మలు తెచ్చి, ఏ జంతువో తేలని వాటికి పేర్లు పెట్టి రాక్షసుల్ని చేశాడు. ఇనుము తినే రస్ట్ మాన్‌స్టర్ అలా పుట్టిందే. చెట్టు కింద రాయికి పసుపు రాసి మనం చేసేదీ ఇదే పని. ఆయన పేరు పెట్టడం దగ్గర ఆగిపోయాడు, మనం నైవేద్యం దాకా వెళ్ళాం. కువోటోవా అనే చేపమనుషులు కూడా ఉన్నారు ఆ ఆటలో. వాళ్ళంతా కలిసి ఏదో ఒకదాన్ని దేవుడని గట్టిగా నమ్మితే అది నిజంగానే దేవుడై కూర్చుంటుంది. చేపలు కదా, ఏ పులస చుట్టాలో అయ్యుంటారు.

రస్ట్ మాన్‌స్టర్‌ని సముద్రం ఒడ్డున ప్రతిష్ఠించాలని నా సలహా. అంతర్వేది వైపు ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఎలాగూ తుప్పు పడతాయి. అక్కడ తుప్పు దేవర వెలిస్తే వంతెన కట్టిన కాంట్రాక్టరుకి ఎంత నిబ్బరం! “ఇనుము నాసిరకం కాదండి, దేవర మహిమండి.” ట్రోల్ అని మరొకటుంది, నిప్పో యాసిడో తగిలితే తప్ప నరికినా మళ్ళీ పెరుగుతుంది. మా కాలువల్లో గుర్రపుడెక్క దానికి అక్క వరస. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తీస్తారు, నీళ్ళు వదిలాక ఊదారంగు పూలు పెట్టుకుని తిరిగొస్తుంది. ఇన్నేళ్ళుగా చావనిదాన్ని ఇంకా దేవతని చేయకపోవడం మా నిర్లక్ష్యమే. ఇక మిమిక్ అనేది పెట్టెలా నటిస్తుంది, డబ్బుందనుకుని ముట్టుకున్నవాణ్ణి అతుక్కుని కొరికేస్తుంది. దాన్ని ఎక్కడ ప్రతిష్ఠించానో మాత్రం రాయను. మా బావ సాధారణంగా వ్యాసాలు చదవడు, కానీ చెప్పలేం.

మనోభావాల గురించి ఒక మాట. నేను ఏ అమ్మవారినీ ఏమీ అనడం లేదు. అంటున్నది గుడి కమిటీని. కమిటీలకి మనోభావాలుండవు, లెక్కల పుస్తకాలుంటాయి, అవి అడిగిన రోజున కనపడవు.

ప్రయోగం మొదలై ఏడు నెలలైంది. బిహోల్డర్‌ని మళ్ళీ పుట్టించి లాకుల దగ్గర నిలబెట్టాను. మా మామ్మ దానికి కళ్ళమ్మ అని పేరు పెట్టింది. దిష్టి తీయడంలో ఘనాపాటి అని చుట్టుపక్కల ఊళ్ళకి పాకింది. రొయ్యల చెరువు మీద ఏ కన్నూ పడకూడదని మొక్కుకుంటే పది కళ్ళూ కాపలా కాస్తాయి. ఆటలోనే సుమా, పక్కింటి అన్నయ్య నిజం చెరువుకి కూడా మొక్కేసుకున్నాడు. తొమ్మిదో లెవెల్ ఖడ్గవీరుడైన మా బావ కత్తి దూసి ఏడు నెలలు. ఇప్పుడాయన కోశాధికారి. అన్నయ్య అధ్యక్షుడు. తమ్ముడు మంత్రవిద్య మానేసి మైకు సెట్టు చూసుకుంటూ, నూటపదహార్లు ఇచ్చినవాళ్ళ పేర్లు చదువుతాడు. జాతరలో నెత్తిన పెట్టుకునే గరగ ఎవరెత్తాలనే దాని మీద రెండు ఆదివారాలు తగువు పడ్డారు. అంత భీకరమైన యుద్ధం డ్రాగన్‌తో కూడా జరగలేదు. కాలువ అవతలివాళ్ళు ఒక జిగురు దేవరకి పాతికడుగుల ఆర్చి కట్టారని తెలిసి, మనది ముప్పై ఉండాలని తీర్మానించారు. అవతలివాళ్ళూ నేనే కాబట్టి నాకు పని పెరిగింది.

పోయిన ఆదివారం హుండీ లెక్కింపు. జాతరకొచ్చిన జనానికీ పుస్తకంలో పడిన సొమ్ముకీ పొంతన లేదని అన్నయ్య లేచాడు. “అయితే నన్నంటున్నావా?” అని మా బావ కూడా లేచాడు. “అందరి ముందూ నేనే తీస్తాను, చూసుకోండి,” అంటూ చొక్కా చేతులు పైకి మడిచాడు.

నేను పాచిక తీసి బల్ల మీద పెట్టాను.

“బావా, చెయ్యి ఎంతదాకా పెట్టావు?”

“మోచేతిదాకా,” అన్నాడు మా బావ.