ఫ్లింట్ తల్లులు ఎక్కిన కోర్టు మెట్లు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ నగరవాసులు తమకు సీసం కలిసిన నీళ్లు తాగించిన ప్రభుత్వంపై ఫెడరల్ (కేంద్ర స్థాయి) కోర్టులో సాధించిన తీర్పు, పౌరహక్కుల కోసం పోరాడే ప్రతివారూ గుర్తుంచుకోదగినది. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవాలని డెట్రాయిట్ నుంచి వచ్చే నీటిని ఆపి ఫ్లింట్ నది నీటికి మళ్లినప్పుడు, పైపుల తుప్పును అరికట్టే రసాయనాన్ని అధికారులు కలపనే లేదు. ఆ ఏడాది అక్టోబరులో జనరల్ మోటార్స్ తన ఇంజిన్ కర్మాగారంలో విడిభాగాలు తుప్పు పడుతున్నాయని ఆ నీటిని మానుకున్నది. ఇనుముకు పనికిరాని నీటితోనే తల్లులు మరో ఏడాది పాటు పసిబిడ్డలకు డబ్బాపాలు కలిపారు. రంగు మారిన నీటిని సీసాల్లో పట్టి తెచ్చి చూపినా, భయపడనక్కర్లేదనే జవాబే వారికి దక్కింది.

ఆర్థికంగా చితికిన నగరాన్ని నడిపేందుకు గవర్నరు నియమించిన అత్యవసర నిర్వాహకుడి చేతిలోనే నగరపాలన ఉన్నందున, ఓటు వేసి గెలిపించుకున్న ప్రతినిధులను నిలదీసినా ఫలితం లేకపోయింది. నల్లజాతీయులు అధికంగా నివసించే ఈ ఊరి దుస్థితికి వ్యవస్థలో పాతుకుపోయిన జాతివివక్షే మూలమని రాష్ట్ర పౌరహక్కుల కమిషనే 2017లో తేల్చింది.

బాధితులు ఆశ్రయించినది 1871 నాటి పౌరహక్కుల చట్టాన్ని. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతీయులను కూ క్లక్స్ క్లాన్ అనే శ్వేతజాతి దురహంకార ముఠా దౌర్జన్యాల నుంచి కాపాడేందుకు వచ్చిన ఆ చట్టం, రాష్ట్రాధికారం అండతో రాజ్యాంగ హక్కులను కాలరాసిన అధికారిని స్వయంగా బోనెక్కించేందుకు పౌరుడికి వీలు కల్పిస్తుంది. విధి నిర్వహణలో చేసినదానికి తమకు చట్టరక్షణ ఉన్నదని అధికారులు వాదించారు. 2019 జనవరిలో మిషిగన్ కేసుల అప్పీళ్లను వినే ఫెడరల్ న్యాయస్థానమైన ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కొందరిని కేసు నుంచి తప్పించినప్పటికీ, విషమని తెలిసీ మంచినీరని నమ్మించడం మనిషికి తన శరీరంపై ఉన్న హక్కును హరించడమేనని భావించి, కీలక అధికారులకు ఆ రక్షణ నిరాకరించింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు జోక్యానికి ఒప్పుకోలేదు. ఈ చట్టం ఫెడరల్ సంస్థలకు వర్తించదు కనుక, ఫెడరల్ ప్రభుత్వానికి చెందిన పర్యావరణ పరిరక్షణ సంస్థపై బాధితులు వేరే చట్టం కింద దావా వేయవలసి వచ్చింది. ప్రజారోగ్యం విషయంలో ఈ తేడాకు న్యాయమైన ఆధారం మాకు కనిపించడం లేదు.

2021 నవంబరులో కోర్టు ఆమోదించిన రాజీ ఒప్పందం కింద దక్కిన 62.6 కోట్ల డాలర్ల పరిహారంలో దాదాపు ఐదింట నాలుగు వంతులు అప్పటి పిల్లలకే కేటాయించడం సముచితం. అయితే 2014లో ఊయలలో ఉన్న బిడ్డ ఆనాటికే బడిలో చదువుతున్నాడు. సీసం మెదడుకు చేసిన చేటును ఏ సొమ్మూ పూర్తిగా మాన్పలేదు గనుక, ఆ పిల్లల చదువుకూ వైద్యానికీ అయ్యే ఖర్చును వారు పెద్దవారయ్యేదాకా ప్రభుత్వమే భరించాలి.