ఒక రోగి, ఐదు చట్టాలు

ఆరోగ్య వృత్తులన్నింటికీ లైసెన్సు ఇచ్చే పద్ధతి ఒకేలా ఉండాలని కొందరు మేధావులు పట్టుబడుతున్నారు. ఈ ప్రమాదాన్ని మొగ్గలోనే తుంచవలసిన బాధ్యత విశాఖ పౌరుడిగా నా మీద ఉంది.

కేజీహెచ్‌లో పక్షవాతంతో పడుకున్న రోగినే తీసుకోండి. మందు రాసే డాక్టరుగారిది 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం. ఆ మందు ఇచ్చే ఫార్మసిస్టుది 1948 నాటి చట్టం. సూది వేసే నర్సమ్మది 1947 నాటిది, దాన్ని తప్పించడానికి 2023లో మరొకటి పుట్టింది. పడిపోయిన కాలు కదిలించే ఫిజియోథెరపిస్టు 2021 చట్టం కిందికి వస్తే, పోయిన మాట తెప్పించే స్పీచ్ థెరపిస్టు 1992 నాటి పునరావాస మండలి చట్టం కిందికి వస్తారు. ఇంతటి వైభవాన్ని ఒక్క దరఖాస్తుకు కుదించాలట!

చదువులు వేరైనా, పట్టా అసలుదా నకిలీదా అని చూసే పని అందరికీ ఒక్కటే కదా అని వారి వాదన. వినడానికి బాగానే ఉంటుంది. కానీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగానూ, ఆధార్‌లో పూర్తిగానూ, పెళ్ళయ్యాక తీసిన పాన్ కార్డులో అత్తవారి ఇంటిపేరుగానూ ఉన్న నర్సమ్మ తాను తానేనని ఒక్కసారి రుజువు చేసుకుంటే చాలునంటే, మహారాణిపేట జిరాక్సు షాపులు ఏం కావాలి? స్టాంపు పేపరు మీద అఫిడవిట్ కొట్టే నోటరీగారి కుటుంబం ఏం కావాలి? ఆమె రేపు ఉద్యోగానికి బరంపురం వెళ్తే, ఇచ్ఛాపురం దాటగానే ఒడిశా రిజిస్టరులో మళ్ళీ మొదటి నుంచి పరిచయం చేసుకోవడంలో ఉన్న వినయం ఏం కావాలి?

నిజానికి అనర్థం అప్పుడే మొదలైంది. 2021 చట్టం యాభైకి పైగా వృత్తులను ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ఉపేక్షిస్తే రేపు మిగిలినవీ వచ్చి చేరతాయి.

ఏకరూపత అంతగా కావాలనేవారు మా పేట చివర ఆర్‌ఎంపీగారి గదికి రావచ్చు. చీటీ రాసేదీ, సెలైన్ ఎక్కించేదీ, కాగితంలో మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేదీ ఆయనే. ఇన్ని చట్టాల్లో ఒక్కటీ ఇంతవరకూ ఆయన్ని ఒక పాస్‌పోర్టు సైజు ఫొటో అయినా అడిగిన పాపాన పోలేదు.