అవ్వ కొంగుముడిలో హోమియో సీసా

డిసెంబరు సేవా కార్యక్రమాల్లో అమెరికాలోని మన తెలుగు సంఘం కనిగిరి దగ్గర పెట్టిన పళ్ళ వైద్య శిబిరం ఫోటోలు అందరూ చూసే ఉంటారు. బ్యానర్లు, శాలువాలు సరే. గ్రూపులో తిరిగిన ఇంకో ఫోటో ఉంది, కొంగుముడి విప్పి హోమియో సీసా చూపిస్తున్న ఒక అవ్వ, దాని కింద వరసగా మనవాళ్ళ నవ్వు బొమ్మలు.

నేను ఆ బల్ల పక్కనే ఉన్నాను. ఆ అవ్వ నాలుగేళ్ళ మనవడికి పై పళ్ళు చిగుళ్ళ దాకా నల్లబడిపోయాయి. "చాక్లెట్లా, కూల్‌డ్రింకులా?" అని మన వలంటీరు గద్దిస్తే, "ఆ పాడు తిండి మా ఇంట్లో లేదు నాయనా, జలుబుకి ఈ మాత్రలే" అంది. ఆయన మైకులోనే నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మా పాపకి రెండేళ్ళప్పుడు అమ్మ డాలస్ వచ్చింది, సూట్‌కేసులో ఆవకాయ పక్కనే ఒంగోలు నుంచి తెచ్చిన పన్నెండు సీసాలు. రాత్రి పాప మూలిగితే చాలు, మూతలోకి నాలుగు గుళికలు రాల్చి నోట్లో వేసేది. ఆ గుళిక చక్కెరే, దాని మీద మందు చుక్క. సీసా మీద రాసే 30సి అంటే నూరో వంతుకి పలచన చేయడం ముప్పైసార్లు, ఇక మిగిలేదేముంది, తీపి తప్ప. పైగా పథ్యం: అరగంట దాకా నీళ్ళు తాగకూడదు, పుదీనా వాసనొచ్చే పేస్టు తగలకూడదు. నిద్రలో లాలాజలం ఎటూ తక్కువ, ఆ తీపిని బాక్టీరియా ఆమ్లంగా మార్చి పంటి పైపొరని కరిగిస్తూ కూర్చుంటుంది. నాలుగు గుళికల్లో ఎంత చక్కెర ఉంటుందిలే అంటారు గానీ, రెండు గంటలకోసారి వేస్తుంటే పంటికి తెరిపి ఎప్పుడు? హోమియో మందుల్లోనే పాలచక్కెరతో చేసే బయోకెమిక్ బిళ్ళలతో హాని కొంచెం తక్కువ, అంతే.

మూడేళ్ళు నిండకముందే మత్తిచ్చి నాలుగు పళ్ళకి తొడుగులు వేయించాం. "నా మాత్రల వల్లేనా నాయనా?" అని అమ్మ ఒక్కసారే అడిగింది. పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టింది మేము. ఆ మాట అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నా.

ఇక్కడ అమెరికా షాపులో కొన్నవి మేలనుకోకండి. పళ్ళొచ్చే పిల్లలకిచ్చే హోమియో బిళ్ళలు వాడొద్దని ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరించింది, కొన్నింటిలో బెల్లడోనా అనే విషపు మొక్క మందు సీసా మీద రాసినదానికన్నా చాలా ఎక్కువుందని 2017 జనవరిలో తేల్చింది.

కనిగిరి, పొదిలి వైపు బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, నా పళ్ళ మీద గోధుమరంగు చారలు అక్కడివే. అందుకని మా ఊళ్ళో ఏ పన్ను పాడైనా నీళ్ళ మీదికి నెట్టేస్తారు. పుచ్చిపోవడం వేరే సంగతని ఆ అవ్వకి చెప్పినవాళ్ళెవరు?

కమిటీ పెద్దలూ, ముందు ఆ ఫోటో తీసేయించండి. హోమియో మానమని ఆమెతో కొట్లాడక్కర్లేదు, రాత్రి పళ్ళు తోమాక మాత్ర వేయొద్దని, పగలు వేస్తే కాసేపాగి నోరు పుక్కిలించమని కూర్చోబెట్టి చెబితే వింటుంది. ఆ బాబుని ఒంగోలులో పిల్లల పళ్ళ డాక్టరుకి చూపించాలి. మా తమ్ముడు అక్కడే ఉన్నాడు, కారు ఖర్చు నాది, వైద్యం ఖర్చులో పాలుపంచుకునేవాళ్ళు ఈ వారంలో నాకు ఫోన్ చేయండి.