కాన్పు గదిలో ఆమె మాట వినేదెవరు?

2023లో గర్భం, కాన్పు కారణాలతో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 2.6 లక్షల మంది స్త్రీలు చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పదిమందిలో తొమ్మిది మందికి పైగా పేద, దిగువ మధ్య ఆదాయ దేశాల వాళ్లే. ఈ లెక్క చూడగానే డాక్టర్లు, అంబులెన్సులు, బ్లడ్ బ్యాంకులు కావాలంటాం. కావాలి, అందులో వాదన లేదు. మరి అవన్నీ ఉన్న అమెరికా సంగతేమిటి? అక్కడ అదే ఏడాది లక్ష సజీవ జననాలకు తెల్లజాతి తల్లుల మరణాలు 14.5 ఉంటే, నల్లజాతి తల్లులవి 50.3. బాగా చదువుకున్న వాళ్లలోనూ ఈ తేడా పోలేదు.

అంటే ఆస్పత్రి గడప దాటాక కూడా ఎక్కడో తేడా చేస్తున్నారు. ‘తల పగిలిపోతోంది’ అని ఒక బాలింత చెబితే వెంటనే బీపీ చూస్తారు. అదే మాట ఇంకొకరంటే ‘కాన్పయ్యాక ఇవన్నీ మామూలే’ అని వెళ్లిపోతారు. బీపీ, ఆగని రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్... వీటన్నిట్లో ఆలస్యమే ప్రాణం మీదికి తెస్తుంది. అక్కడి భాష రానివాళ్లకు, గట్టిగా అడిగే అలవాటు లేనివాళ్లకు ఆ ఆలస్యం ఇంకాస్త ఎక్కువ.

నొప్పులు మొదలైనప్పటి నుంచి ఒక మనిషి పక్కనే ఉంటే ఏమవుతుందో ఇప్పటికే తేలిపోయింది. 17 దేశాల్లో 15 వేల మందికి పైగా స్త్రీలతో జరిగిన 26 అధ్యయనాలను వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017 సమీక్షలో కలిపి చూసింది. తోడున్నవాళ్లలో సిజేరియన్లు తగ్గాయి, నొప్పులు పడే సమయం కొంత తగ్గింది. హాని జరిగిన దాఖలా కనబడలేదు. అయినా చాలా లేబర్ రూముల్లో ఇప్పటికీ బయటివాళ్లను రానివ్వరు.

తోడు ఒక్కటే కాదు, గది కూడా ఆమెకు కొత్తగా ఉండకూడదు. పెరూలోని అయకుచో ప్రాంతంలో సాంతియానా అనే చోట 1999లో హెల్త్ సెంటర్‌లో జరిగిన కాన్పులు 6 శాతమే. రానివాళ్లను మూఢులనడం తేలిక. అక్కడ మాత్రం స్థానిక స్త్రీలను, మంత్రసానులను కూర్చోబెట్టుకుని పద్ధతి మార్చారు. సిబ్బంది అక్కడివాళ్ల కెచువా భాషలో మాట్లాడటం మొదలుపెట్టారు. వెల్లకిలా పడుకోవాలన్న నియమం తీసేసి, పట్టుకోవడానికి తాడు, కూర్చోవడానికి బల్ల పెట్టారు. ఇంటివాళ్లను, మంత్రసానిని లోపలికి రానిచ్చారు. 2007 నాటికి ఆ 6 కాస్తా 83 శాతమైంది.

అయితే సంస్కృతి పేరుతో ‘ఫలానా వాళ్లు ఇలా ఉంటారు’ అని గోడకు చార్టు తగిలిస్తే అది మరో రకం చులకన. ఒకే ఇంటి అక్కచెల్లెళ్లకు కూడా కావలసినవి వేరు. అత్తగారు పక్కనుంటే ధైర్యం వచ్చేవాళ్లున్నారు, నోరు మెదపలేనివాళ్లూ ఉన్నారు. ఎవరు కావాలో ఆమెనే అడగాలి, అదీ ఒంటరిగా ఉన్నప్పుడు.

ఇంకో భ్రమ కూడా వద్దు. రక్తస్రావాన్ని ఆపడం తోడుగా ఉన్న మనిషి వల్ల కాదు. మంత్రసానులకు శిక్షణ ఇస్తే చాలని దశాబ్దాలు నడిపాక, మరణాలు పెద్దగా తగ్గక, 1990ల చివరికి నిపుణుల చేతుల్లోనే కాన్పు జరగాలన్న విధానానికి రావాల్సి వచ్చింది. కాబట్టి ఈ తోడు ఆస్పత్రికి పోటీ కాకూడదు. ‘ఈమె పరిస్థితి బాగాలేదు’ అని ఆ తోడు చెబితే డ్యూటీ నర్సు లేచి రావాలి. ఆ అధికారం రాతపూర్వకంగా లేకపోతే, ఆమె కూడా గదిలో నోరెత్తలేని రెండో స్త్రీగా మిగిలిపోతుంది.

చివరికి డబ్బుల దగ్గరికి రాక తప్పదు. కాన్పు తోడును చాలా దేశాల్లో డౌలా అంటున్నారు. అది గ్రీకు మాట. పూర్వం దానికి దాసి అని అర్థం. అర్ధరాత్రి ఫోన్ వస్తే పరుగెత్తుకెళ్లి, ఇరవై గంటలు పక్కన నిలబడే పనిని ‘సేవ’ అని పొగిడి సరిపెట్టడం చూస్తే ఆ పాత అర్థమే గుర్తొస్తుంది. అమెరికాలో ఒరెగాన్, మిన్నెసోటా రాష్ట్రాలు అందరికంటే ముందు పేదల ఆరోగ్య బీమా మెడికెయిడ్ నుంచి డౌలాలకు చెల్లించడం మొదలుపెట్టాయి. కానీ ఇచ్చే రేటు మరీ తక్కువ కావడంతో అందులో చేరిన డౌలాలు కొద్దిమందే. తర్వాత రెండు రాష్ట్రాలూ రేటు పెంచాల్సి వచ్చింది.